పదిమందినీ పంపేవాణ్ణి

"కొంచెం ఏడుస్తూ లాగమ్మా ఆగ్నెస్, ఫోటో బాగా వస్తుంది," అన్నాడు మేయర్ హాస్కెట్, తాడు ఆమె చేతికిస్తూ.

మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన, కెనడాలోని ఆ మానిటోబా ఊరి కుర్రాళ్ల పేర్లు చెక్కిన రాయి, టౌన్ హాలు మెట్ల మీద గుడ్డ కప్పుకుని ఉంది. అందులో ఆగ్నెస్ కొడుకు కాలమ్ పేరూ ఉంది.

"ఏడుపేదో మీరే ఏడవండి. 'పదిమంది కొడుకులుంటే పదిమందినీ ఫ్రాన్స్ పంపేవాణ్ణి' అని ఈ మెట్ల మీదే అరిచారుగా. ఉన్న ఒక్కణ్ణి మాత్రం పాలు పితకడానికి అట్టేపెట్టుకున్నారు!"

మేయర్ నవ్వాడు. "పొలానికి మనుషులు అక్కర్లేదూ?"

పక్కనే నిలబడ్డ అతని కొడుకు పెర్సీ వైపు తిరిగింది ఆగ్నెస్. "ఏరా, ఎప్పుడైనా ఓ ఆవుని ముట్టుకున్నావా?"

వాడు తల దించుకున్నాడు. "రెండుసార్లు సైన్యంలో పేరిచ్చాను పిన్నీ. రెండుసార్లూ నాన్నే నా పేరు కొట్టేయించాడు. అక్కడికెళ్లినవాడు తిరిగి రాడని అమ్మతో అంటుంటే విన్నాను."

"ఎప్పుడు?"

"కాలమ్ బయల్దేరక ముందే."

ఆయన ఉపన్యాసం విని, వెళ్లనన్న కొడుకుని నచ్చజెప్పి రైలెక్కించింది ఆగ్నెస్. ఇన్నేళ్లూ ఆ పెద్దమనిషి యుద్ధమంటే ఏమిటో తెలియక వాగాడనుకుంది. అన్నీ తెలిసే వాగాడన్నమాట.

"దిగండి," అంది.

"ఏమిటమ్మా ఇది, అందరి ముందూ!"

"మీరిక్కడ నిలబడి ఉండగా మా పిల్లల పేర్ల మీద గుడ్డ తియ్యను."

జనంలో ఒక్కరూ ఆయన్ని ఉండమనలేదు. మేయర్ టోపీ సర్దుకుని, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగిపోయాడు.

అప్పుడు ఆగ్నెస్ తాడు లాగింది.