టేపులో మరిడమ్మ

"బావా, సముద్రం హోరు తీసేసినావు, గాలి తీసేసినావు, ఆఖరికి మా మామ్మ గొంతులో నీసు కూడా కడిగేసినావు" అన్నాడు గోపి, ఇయర్‌ఫోన్లు పీకి పడేస్తూ.

శివాజీ లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. "రొద తీసేస్తేనే గొంతు తేటగా వస్తాది. నీ టేపులో ఏటున్నాది, పాము బుస తప్ప?"

గోపి ర్యాప్ కడతాడు, శివాజీ దానికి బీట్ చేస్తాడు. కొత్త పాట గోపి మామ్మ మరిడమ్మ గొంతుతో మొదలవ్వాలి. రేవులో చేపల వేలం పాడేది ఆవిడే. ఊపిరి తిప్పుకోకుండా ఆవిడ ధర పెంచుకుపోతుంటే ఏ ర్యాపరైనా దండం పెట్టాల్సిందే. ఆ వేలాన్ని శివాజీ ఫోన్లో పట్టాడు, గోపి పాత క్యాసెట్ టేప్‌రికార్డర్లో పట్టాడు. వెనకటి ర్యాపర్లంతా టేపు మీదే రికార్డు చేశారని విన్న దగ్గర్నుంచి వాడికి ఆ డబ్బా అంటే ప్రాణం. పాట మొత్తం దాంట్లోనే చెయ్యాలని పంతం పట్టాడు.

"రేవునే అడుగుదాం" అన్నాడు శివాజీ. "ఏ గొంతుకి జనం కదిల్తే పాటంతా అందులోనే. నేను గెలిస్తే నీ డబ్బా అటకెక్కుతాది."

గోపి సరేనన్నాడు.

మరిడమ్మ గొంతు ఎక్కడ లేస్తే అక్కడ కొత్త బోటు దిగినట్టే ఆ రేవులో లెక్క. ఆవిడ టీకి వెళ్ళిన సమయం చూసి ఇద్దరూ వలల పాక వెనక స్పీకరు పెట్టారు. ముందు ఫోను వినిపించారు. చేపలు కొనే ఆడవాళ్లు ఒక్కరూ లేవలేదు.

"ఎవుడిదో ఫోను మోగతన్నాది, సూసుకోండర్రా" అంది నారాయణమ్మ.

అదే స్పీకరుకి టేప్‌రికార్డరు తగిలించారు. బుస్సుమంటూ రొద, దాని వెనకే "వంజరం, వంజరం" అని మరిడమ్మ. గంపలు లేచాయి. పాక చుట్టూ తిరిగి పరుగున వచ్చిన నారాయణమ్మ, ఎదురుగా వలలు తప్ప ఏమీ లేకపోయినా, అలవాటు కొద్దీ ధర పెంచేసింది. దేవి దాని మీద ఇంకో వంద వేసింది. టేపులో మరిడమ్మ మూడోసారి అనేసరికి వేలం పాట నారాయణమ్మకే ఖాయమైంది.

"వంజరాలు నావి. గంపేదిరా?" అంది ఆయాసపడుతూ.

గోపి లేని మీసం మెలేశాడు. "సూసినావా బావా, డబ్బా గెలిసినాది. పాటంతా ఇందులోనే."

శివాజీ తన ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

అంతలో "నేను లేకుండా పాట పాడింది ఎవుర్తే" అంటూ మరిడమ్మ కొంగు దోపుకుని వచ్చింది. గోపి శివాజీ వెనక్కి జరిగాడు. ఆవిడ మాత్రం ఎవర్నీ తిట్టలేదు. టేపు వెనక్కి తిప్పించి విన్నది. ఇంకోసారి తిప్పించి విన్నది. తర్వాత స్పీకరుతో సహా డబ్బాను చంకన పెట్టుకుంది.

"రోజూ అరిసి అరిసి నా గొంతు పోతన్నాది. రేపట్నుంచి రేవుకి ఇదే వస్తాది" అంది. "నువ్వు నీ కూతలు బావ కంప్యూటర్లో కూసుకో."