పేలని తూటా

పొగమంచులో గురి కాగితం నీళ్లలో నాని తేలుతున్నట్టుంది.

మహిమ చాప మీద బోర్లా పడుకుని, చెంప రైఫిలుకు ఆనించి, సగం ఊపిరి వదిలి ఆపింది.

ఈ క్షణమంటే ఆమెకు పిచ్చి. ఒళ్లెక్కడుందో, నేలెక్కడుందో తెలియదు. లోకంలో నల్ల చుక్క ఒక్కటే మిగులుతుంది.

ట్రిగ్గరు నొక్కింది.

టిక్కుమంది. అంతే. పేలలేదు.

"గురి అటే ఉంచు. జర ఆగు," వెనకనుంచి శ్యాంసుందర్ సార్ అన్నాడు. మిలిటరీలో రిటైరై వచ్చి, నస్పూర్ శివారులో ఈ రైఫిల్ క్లబ్బు నడుపుతున్నాడు. ఆయన కోప్పడడు. ఇంతకంటే కోప్పడితేనే నయం అనిపించేంత మెల్లగా మాట్లాడతాడు.

ఆగింది. తర్వాత బోల్టు వెనక్కి లాగింది. తూటా చెక్కుచెదరకుండా బయటికి దొర్లింది.

ఇంకోటి పెట్టింది. అదీ టిక్కే.

ఇంకాసేపట్లో రాష్ట్ర జట్టుకు సెలెక్షన్. పోయినేడు వెంట్రుకవాసిలో తప్పిపోయింది. అప్పటినుంచి ఈ పొద్దు కోసమే బతికింది, అబద్ధమెందుకు.

"సస్తా గుండ్లు సార్. గివి గిట్లనే సతాయిస్తయి," పక్క చాప మీదున్న దీపిక అంది.

అందరూ తలూపారు. క్లబ్బులో ఏం తేడా వచ్చినా చవక తూటాలను తిట్టడం అలవాటు. పాపం, అవి ఎదురు చెప్పవు.

సార్ మాత్రం పేలని తూటాను వెలుగులో తిప్పి చూశాడు. అంచు మీద, తూటాను కొట్టి పేల్చే పిన్ను తగిలిన గుర్తు ఉందా లేదా అని. దాన్నే దీపిక రైఫిల్లో పెట్టి నొక్కాడు.

చక్కగా పేలింది. మంచులోంచి కాకులు లేచాయి.

"గుండు మంచిదే. దెబ్బనే తాకుతలేదు."

మహిమ రైఫిలు బోల్టు తీసి బల్ల మీద విప్పాడు. పిన్ను చుట్టూ తెల్లగా ఏదో గడ్డకట్టి ఉంది. కాస్త గోటితో గీరి తీశాడు. వేలి వేడికి అది కరిగి నూనె అయింది.

"కొబ్బరినూనె," అన్నాడు, తన నోటి మాట తనకే నమ్మబుద్ధి కానట్టు. "చలికి పేరుకున్నది. పిన్ను అందులనే ఇరుక్కుంది. ఖరీదు గుండైతే జరంత తాకినా పేలుతుండె. వీటికి గట్టి దెబ్బ కావాలె."

మహిమ వంగి చూసింది. వాసన తగిలింది.

కొబ్బరినూనెలో లవంగం.

నుదుట రాయడానికి పాస్టరు ప్రార్థన చేసిచ్చిన నూనె చెడిపోకూడదని అందులో లవంగం వేసి దాచుకునే మనిషి ఆమె తల్లి దెబోరా. రోజూ పొద్దున్నే ఈ క్లబ్బు ఊడ్చి, రైఫిళ్లను పైపైన బట్టతో తుడిచి వెళ్లేదీ ఆమే.

మహిమకు కళ్ల ముందే జరుగుతున్నట్టు కనిపించింది. చీకటి విడవని గది. నిద్రపోయే పిల్లను ఎత్తుకున్నట్టు రైఫిలును ఒళ్లో పెట్టుకున్న తల్లి. కదిలే పెదాలు. సీసాలోంచి మెల్లగా, భక్తిగా, ఒక్కొక్క చుక్క.

నవ్వొచ్చింది. ఆ వెనకే క్లబ్బు రూలు గుర్తొచ్చింది.

"ఎవలు పోసిండ్రు?" సార్ అడిగాడు.

ఆమధ్య ఎవరో కుట్టుమిషను నూనె పోసి ఒక రైఫిలును పాడుచేసినప్పటినుంచి క్లబ్బులో రూలు గట్టిది. రైఫిలు లోపల చెయ్యి పెట్టింది షూటరైతే ఆ రోజు పోటీ ఉండదు. పనిమనిషైతే పనే ఉండదు.

మహిమ ఒకసారి దూరంగా చూసింది. మంచు పలచబడుతోంది. నల్ల చుక్క ఎంత దగ్గరగా ఉందంటే, చెయ్యి చాపితే అందేట్టుంది.

"నేనే సార్. తుప్పు పడుతదేమోనని."

సార్ ఆమెను చాలాసేపు చూశాడు, ఇంకో జవాబు కోసం ఆగినట్టు. ఆమె తల దించుకుంది.

"అయితే బయట కూసో బిడ్డా," అన్నాడు మెల్లగా.

మెట్ల మీద కూర్చుని కళ్లు మూసుకుంది. లోపల పోటీ మొదలైంది.

ప్రతి తూటాకూ ముందు ఆమె సగం ఊపిరి వదిలి ఆపింది. ప్రతిసారీ చుక్క తేలుతూ దగ్గరికొచ్చింది. ఒళ్లో ఉన్న వేలు దానంతటదే కదిలింది. కొంతసేపటికి ఎవరు కొడుతున్నారో, ఎవరు వింటున్నారో తెలియకుండా పోయింది. హాయిగా కూడా అనిపించింది. ఎండ ఎప్పుడొచ్చిందో, చప్పుళ్లు ఎప్పుడాగాయో గమనించనే లేదు.

భుజం మీద చెయ్యి పడింది.

దెబోరా. క్రిస్మస్‌కు చర్చి కడిగి అటునుంచే వచ్చినట్టుంది, చీర అంచు ఇంకా తడిగా ఉంది.

"అయిపోయిందా? ఎట్ల కొట్టినవ్ బిడ్డా?"

"తుపాకి పేలలే అవ్వా. వచ్చే ఏడు చూద్దాం."

దెబోరా ముఖం వాడిపోయింది. పక్కనే కూలబడి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"ఎవలకు చెప్పకు. పొద్దుగాల ప్రార్థన చేసి దాంట్ల నూనె పోసిన. జరంతనే పోసిన. ఇంకింత పోసుంటే పేలుతుండె గావచ్చు."

మహిమ తల్లి చెయ్యి పట్టుకుంది. చీపురు పట్టి పట్టి గరుకెక్కిన చెయ్యి. ఆ చేతిమీద ఆమెకు అంత ప్రేమ ఎన్నడూ పుట్టలేదు.

"ఎవలకు చెప్ప. కని ఇగ తుపాకికి వద్దవ్వా," అంది. "నాకు పెట్టు."

దెబోరా కొంగుతో కళ్లొత్తుకుని సంచిలో సీసా కోసం వెతికింది.

"అయితే కండ్లు మూసుకో."

మహిమ అప్పటికే మూసుకుంది.