ఎర్ర అంచులో ఆకుపచ్చ

చీర ఎర్ర అంచులో జానెడు మేర ఆకుపచ్చ పట్టు పడింది.

నాగభూషణం తల పట్టుకున్నాడు. మగ్గం మీద ఉన్నది నాలుగు రోజుల కిందట పని అడుక్కుంటూ ధర్మవరం వచ్చిన ముసలాయన, సంజీవప్ప.

"ఏమప్పా, కండ్లు కనపడవా నీకు?"

"కనపడతాయి. ఎరుపూ ఆకుపచ్చా మాత్రం నాకు ఒకటే మాదిరి. పుట్టినప్పట్నించీ ఇంతే."

"మరి పట్టు మగ్గం మీద ఎందుకు కూర్చున్నావు?"

సంజీవప్ప రోజూ అడిగే మాటే మళ్లీ అడిగాడు.

"అరుణమ్మ ఎప్పుడొస్తాదప్పా?"

తల్లి కర్మలకని చెన్నేకొత్తపల్లి పోయిన అరుణ ఇంకా తిరిగి రాలేదు.

"నా పెండ్లాంతో నీకేం పని? లెయ్యి!"

గడప దగ్గర ముసలాయన ఆగాడు.

"మీ పిల్లోడు కేశవకూ ఇదే ఉండాది. పట్టుదారం కండెలు రంగు చూసి తీయడు, ఏది యాడ పెట్టినాడో గుర్తుపెట్టుకుని తీస్తాడు, నా మాదిరే. రైలు పనికి చదివిస్తాండావంట. ముందు కండ్ల డాక్టరుకు చూపియ్యప్పా."

"చీర చెడగొట్టింది చాలక, నా కొడుక్కు లేని రోగం అంటగడతావా? పో!"

ఆయన పోయాడు.

ఆ తర్వాత మూడేళ్లు చదివి, కేశవ రైలు నడిపే ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కాడు. కంటి పరీక్షలో పోయింది. చుక్కల బొమ్మలో అంకె అతనికి కనపడలేదు.

హిందూపురంలో ఇంకో డాక్టరమ్మ చూసింది.

"దీనికి మందు లేదు. మామూలుగా తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. ఆమెకు రంగులు బాగానే కనపడతాయి కాబట్టి తెలియదు. ముందే చూపించి ఉంటే వేరే చదువు చదివేవాడు కదా."

తిరుగు రైల్లో కేశవ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

పెనుకొండ దాటాక అరుణ నాగభూషణంతో అంది. "నా నుంచే వచ్చిందంట."

"నీ తప్పేముంది లే."

"మా అమ్మ తమ్మునికీ ఉన్నింది. చీర చెడగొట్టినాడని మా తాత నలుగురి ముందరా కొట్టినాడంట. ఆ పొద్దు ఇల్లిడిసి పోయినోడు మళ్లీ రాల్యా. నేను పుట్టకముందు మాట. అమ్మ పోయేటప్పుడు కూడా తమ్ముడా, తమ్ముడా అనే కలవరించింది."

నాగభూషణం ఆమె వైపు తిరిగాడు.

"ఆయన పేరేమి?"

అరుణ అలసటగా కిటికీకి తల ఆనించింది.

"సంజీవప్ప మామ."