గాలి బేరం

“చేలో చెప్పులేంటే? విప్పు!” గట్టు మీద నుంచి పాపాయమ్మ కేకేసింది.

“నీళ్లుంటే కదా మామ్మా, విప్పడానికి!” అంది మనవరాలు పావని. వరి ఊడ్చి నెల తిరక్కుండానే చేను నెర్రెలు తీసింది. కాలవ నీళ్లు తెచ్చే బోదెకి ఆ చివరన తమ చేను. దాళ్వా, అదే రెండో పంట, వస్తే ఏటా ఇదే ఏడుపు.

అయినా ఇవాళ పావని కాళ్లు నేల మీద ఆగడం లేదు. రాజమండ్రి నుంచి కార్బన్ కంపెనీ అబ్బాయి రాజేంద్ర వచ్చాడు మరి! వరిచేలో నీళ్లు ఆరబెడితే మీథేన్ అనే మురుగు గాలి తగ్గుతుందట. ఆ తగ్గిన గాలిని ఎక్కడో పొగగొట్టాల ఫ్యాక్టరీలవాళ్లు డబ్బిచ్చి కొనుక్కుంటారట. పైరు పోయినా గాలి అమ్ముకుని గట్టెక్కొచ్చని పావని ఆశ.

రాజేంద్ర చేను చూసి పెదవి విరిచాడు. “ఎండిన చేను మాకు పనికిరాదండి మామ్మగారూ. ఎప్పుడూ నీళ్లు నిలిపే చేను ఆరబెడితేనే లెక్క.”

పావని మొహం వాడిపోయింది. మామ్మ మొహం మాత్రం మతాబాలా వెలిగింది.

“అయితే రా బాబూ, ఇదే బోదెకి పైనున్న చంద్రరావు చేను చూద్దువుగాని. అందులో చేపలు ఈదుతాయి!”

పావని నోరెళ్లబెట్టింది. నీళ్ల కోసం బోదె దగ్గర తిట్టుకున్ననాటి నుంచి ఆ పేరెత్తితేనే మెటికలు విరిచే మామ్మేనా ఈవిడ?

అంతటితో ఆగిందా! రాజేంద్రని వెంటబెట్టుకుని, జున్ను గిన్నె పట్టుకుని మరీ చంద్రరావు ఇంటికి నడిచింది.

“నా చేలో గొట్టం పాతి, నా తూము మూస్తారా? కుదరదత్తా” అన్నాడు చంద్రరావు, రాజేంద్ర చెప్పిందంతా విని.

“ఊరికే వచ్చే డబ్బుని వద్దంటావేంట్రా అబ్బాయ్! ఊళ్లో గాలి అమ్మిన మొదటి మొనగాడివి నువ్వే. పేపర్లో ఫోటో పడుద్ది!”

చంద్రరావు మీసం దువ్వాడు. “మధ్యలో కాసిని నీళ్లు పెట్టుకుంటే ఎవడు చూడొచ్చాడులే.”

“పైనుంచి ఉపగ్రహం చూస్తుందండి. గొట్టంలో నీరు జానెడు లోతుకి దిగాకే తూము తియ్యాలి. ముందే తీస్తే పైసా రాదు” అన్నాడు రాజేంద్ర.

“విన్నావా, ఆకాశం నుంచి చూస్తుందట!” మామ్మ చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది.

సంతకం పడింది. గొట్టం దిగింది. తూముకి మట్టి పడింది. పగవాడింటికి లక్ష్మీదేవిని చెయ్యిపట్టుకు తీసుకెళ్లిన పిచ్చి పాపాయమ్మ అని ఊరంతా ఒకటే నవ్వు. పావనికి అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే మామ్మ మంచం ఖాళీ. పావని చేలకేసి పరిగెత్తింది. కుచ్చిళ్లు ఎగదోపి తమ చేను గట్టు మీద నిలబడి ఉంది మామ్మ.

“ఆయనకి డబ్బు, ఆయనకి ఫోటో! మనకేంటి మామ్మా?” అని అరుస్తూ, వెనకా ముందూ చూడకుండా గట్టు దిగబోయింది పావని.

“చెప్పులు విప్పి దిగవే, చేను నిండా నీళ్లు!”