ఆయన పాదం మంచిది కాదు

"బాబాయ్, ఏమీ అనుకోకు. కాస్త బయట నిలబడతావా?"

రొట్టెల దుకాణం తుర్హాన్ మర్యాదగానే అడిగాడు. కళ్లు మాత్రం స్కోరుబోర్డు మీదే ఉన్నాయి. మా ఎల్బిస్తాన్ జట్టు నలభై ఎనిమిది, అవతలి జట్టు యాభై ఒకటి. ఇంకా ఆరు నిమిషాల ఆట ఉంది.

మూల సీట్లోని కొత్తాయన తలెత్తాడు. యాభై దాటిన భారీ మనిషి. వచ్చినప్పటి నుంచీ ఒక్కసారీ చప్పట్లు కొట్టలేదు. పక్కవాళ్లు పొద్దుతిరుగుడు గింజలు పెడితే తీసుకుని, తినకుండా గుప్పిట్లోనే పెట్టుకున్నాడు.

"ఎందుకు నాయనా?"

"నువ్వు లోపలికొచ్చావు, మనవాళ్లు వరసగా నాలుగు బంతులు గురి తప్పారు. టీకి బయటికెళ్లావు, ఎనిమిది పాయింట్లు కొట్టారు. మళ్లీ వచ్చావు, మళ్లీ మొదలు. హాలంతా చూస్తోంది బాబాయ్."

వెనక వరసవాళ్లు గట్టిగా తలలూపారు.

ఆట రోజున మా ఊళ్లో ఈ పట్టింపులకు తిరుగు లేదు. కలిసొచ్చిన సీటు ఎవరూ మారరు. ప్లంబర్ జెవ్దెత్ టాయిలెట్‌లో ఉండగా మనవాళ్లు మూడుసార్లు బంతిని బుట్టలో వేశారని, పాపం, అతణ్ని అక్కడి నుంచి బయటికి రానివ్వడం లేదు.

"ఇంతకీ ఎవరి తాలూకు? జట్టులో నీవాళ్లున్నారా?" అన్నాడు తుర్హాన్.

"లేరు. నల్లసముద్రం వైపు నుంచి వచ్చా. ఆట చూద్దామని."

"పద్నాలుగు గంటలు బస్సులో కూర్చుని మా ఆట చూడ్డానికా!" వెనక నుంచి ఎవరో నవ్వారు. "అవతలివాళ్లు టికెట్టు కొనిచ్చి పంపలేదు కదా?"

ఆయన నవ్వలేదు. "నేనుంటే ఓడిపోతారంటారా?" అని అడిగాడు.

తుర్హాన్ మైదానంవైపు చూశాడు.

మైదానంలో చక్రాల కుర్చీల మీద తిరుగుతున్న పదిమందిలో ఏడో నంబరు అల్పాయ్ అతని కొడుకు. మూడేళ్ల కిందటి భూకంపం తర్వాత తుర్హాన్ కైసేరి ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి, వాడు రెండు కాళ్లూ లేకుండా పక్క మంచం మీద ఉన్నాడు. ఏడాదిపాటు వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. బంతి చేతికొచ్చాకే మళ్లీ మాట్లాడాడు.

ఇప్పుడు దేశమంతటా బాస్కెట్‌బాల్ జ్వరమే. మన జట్లు యూరప్ వెళ్లి కప్పులు పట్టుకొస్తున్నాయి. కానీ చిన్న ఊళ్ల జట్లకు గెలిస్తేనే బతుకు. ఈ రోజు నెగ్గితే పెద్ద లీగు. ఓడితే క్లబ్బు మూసేస్తామని నడిపేవాళ్లు తెగేసి చెప్పారు.

"ఓడితే మా కొంప మునుగుతుంది బాబాయ్," అన్నాడు తుర్హాన్.

కొత్తాయన లేచి వెళ్లిపోయాడు.

ఆయన తలుపు దాటాడో లేదో, అల్పాయ్ దూరం నుంచి విసిరిన బంతి బుట్టలో పడింది.

"చెప్పానా!" అంటూ హాలు లేచి నిలబడింది.

నాలుగు సెకన్లు మిగిలాయి. యాభై ఎనిమిది, యాభై ఎనిమిది. అవతలివాడు వచ్చి అల్పాయ్‌ను గుద్దాడు. రిఫరీ ఎవరూ అడ్డురాకుండా విసిరే ఫ్రీ త్రోలు రెండు ఇచ్చాడు.

హాలులో ఊపిరి చప్పుడు కూడా లేదు.

అల్పాయ్ బంతి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే తలుపు కిర్రుమంది. కొత్తాయన తల లోపలికి పెట్టాడు.

అల్పాయ్ చూపు అటు తిరిగింది. బంతి రింగుకు కొట్టుకుని కింద పడింది.

అవతలి జట్టువాడి కుర్చీ చక్రం ఇరుక్కుని ఆట కాసేపు ఆగింది. తుర్హాన్ మెట్లన్నీ దూకి తలుపు దగ్గరికి పరుగెత్తాడు. మర్యాద సీట్లోనే ఉండిపోయింది.

"నీ పాదం పాడుగాను! చెబితే అర్థం కాదటయ్యా? నా కొడుకు మళ్లీ మంచమెక్కితే నువ్వొచ్చి లేపుతావా?"

ఆయన అదిరిపడ్డాడు.

"ఏడో నంబరు... మీ అబ్బాయా?"

"అవును! ఇంకా నిలబడ్డావేం? ఫో!"

ఆయన మొదటిసారి నవ్వాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి, బయటికెళ్లి తలుపు నెమ్మదిగా వేసుకున్నాడు.

రెండో బంతి చప్పుడు లేకుండా బుట్టలో జారింది. ఆఖరి ఈల మోగింది. జెవ్దెత్‌ను విడుదల చేశారు. తుర్హాన్ ఏడుస్తూ కనబడ్డవాళ్లందరినీ వాటేసుకున్నాడు.

అల్పాయ్ జట్టు దగ్గర ఆగలేదు. కుర్చీ తోసుకుంటూ నేరుగా తండ్రి దగ్గరికొచ్చాడు.

"నాన్నా, తలుపు దగ్గర నిలబడ్డాయన ఏడీ?"

"ఆ శనిగొట్టు మనిషా? తరిమేశాను! అందుకేగా గెలిచాం!"

అల్పాయ్ ముఖం పాలిపోయింది.

"ఆయన వచ్చినప్పుడల్లా నా చూపు అటే పోయింది నాన్నా. ఆయనేనా, కాదా అని. అందుకే తప్పాను. వెళ్లు, ఆయన్ని పోనివ్వకు!"

తుర్హాన్ వీధిలోకి పరుగెత్తాడు. జనం అప్పటికే హారన్లు మోగిస్తూ రోడ్డంతా నిండిపోయారు.

"పెద్దాయనా?" అన్నాడు టీ అమ్మేవాడు. "ఈల వినబడేదాకా తలుపుకు చెవి ఆనించే ఉన్నాడన్నా. తర్వాత కళ్లు తుడుచుకుని బస్టాండు వ్యాను ఎక్కేశాడు. పేరడిగితే చెప్పలేదు."

తుర్హాన్ జనంలోంచి దారి చేసుకుంటూ మలుపుదాకా వెళ్లాడు. వ్యాను లేదు. రొప్పుతూ తిరిగొచ్చాడు.

"ఎవర్రా ఆయన?"

అల్పాయ్ తలుపువైపే చూస్తున్నాడు.

"ఆ రోజు మన ఇంటి శిథిలాల కింద సొరంగం తవ్వుకుంటూ వచ్చి, పంతొమ్మిది గంటలు నా పక్కనే పడుకుని, నిద్రపోకురా, మాట్లాడు అంటూ నా చెయ్యి వదలని గని కార్మికుడు, నాన్నా."