ఫిర్యాదుల పెట్టె

"ముప్పై తొమ్మిది!" అన్నాడు సూపరింటెండెంటు, పెట్టెలోని చీటీలను బల్ల మీద కుమ్మరించి లెక్కపెట్టి. "నెల తిరక్కుండా ముప్పై తొమ్మిది ఫిర్యాదులు! డాక్టరు చూసుకున్న రోజుల్లో ఏడాదికి రెండొస్తే గొప్ప."

ఎదురుగా నిలబడ్డ ఫిజియోథెరపిస్టు తల వంచుకుంది. పునరావాస వార్డుకు ఆమె ఇన్‌ఛార్జి అయి సరిగ్గా నెల. డాక్టర్లను కాదని థెరపిస్టుకు వార్డు అప్పగించడం ఆ ఆసుపత్రిలో ఇదే మొదలు. "పిల్ల గట్టిది, నాదీ పూచీ" అని కమిటీలో బల్ల గుద్ది చెప్పింది ఆయనే. మధ్యాహ్నం మళ్ళీ కమిటీ. ఈ చీటీలు వాళ్ళ కంటపడితే ఆమె పదవితోపాటు ఆయన పరువూ గంగలో కలుస్తుంది.

అసలే ఆయనకు ఒళ్ళు మండుతోంది. ఆ పెట్టెను వరండా చివర గోడకు తగిలించారు. మనిషి కాస్త పొట్టి కావడంతో దాన్ని దించడానికి మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చింది. నర్సులు చూసి నవ్వుకున్నారని అనుమానం కూడా.

"నర్సులతో చెప్పి ఈ చీటీల్ని ఎప్పటికప్పుడు గుట్టుగా తీయించేయాల్సింది" అన్నాడు గొంతు తగ్గించి.

"వాళ్ళు పెట్టె ముట్టుకోరు సార్. ఎవరి చీటీ వాళ్ళే వేయాలని షరతు పెట్టాను. లేకపోతే ధైర్యంగా రాయరు కదా."

"బానే రాశారు ధైర్యంగా! ఇదిగో విను. 'మంచినీళ్ళు మంచానికి దూరంగా పెడుతున్నారు.' 'రేడియో హాలు చివర పెట్టారు.' 'అద్దం ముందు నిలబడి తల దువ్వుకోమంటోంది. మా అమ్మ కూడా నన్నింత సతాయించలేదు.'"

ఆమెకు నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుంది.

"నవ్వకమ్మా! వీళ్ళ సంగతి సరే, నీ వార్డులోనే ఉన్న మా మామగారి మాటేమిటి? తుంటి ఎముక అతికి మూడు నెలలైంది. కాలు కింద పెట్టనని భీష్మించుకుని కూర్చున్నారు. హెడ్‌మాస్టరుగా ఎందర్నో బెంచీలెక్కించిన మనిషి! పొద్దున చూస్తే మంచంలోనే. ఎర్రసిరా పెన్నుతో పేపర్లో తప్పులు దిద్దుతున్నారు. 'అల్లుడుగారూ, ఆ పెంకిపిల్లని మార్చండి' అన్నారు. అటు మా ఆవిడేమో రోజూ ఒకటే పోరు, 'మా నాన్న ఎప్పుడు నడుస్తాడండీ' అని. ఏం చెప్పను?"

"త్వరలోనే అని చెప్పండి సార్."

"ఆ ముక్క చెప్పి చెప్పి నా నాలుక అరిగిపోయింది. ఇక నావల్ల కాదమ్మా. వార్డు మళ్ళీ డాక్టరుకే ఇచ్చేస్తాను."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా గొంతు తొణకలేదు. "మీ ఇష్టం సార్. పెట్టె మాత్రం అదే మేకుకు ఉంచండి. దాని నోట్లో ఇంకో చీటీ ఇరుక్కుంది, అదీ చదివెయ్యండి."

"నలభయ్యోదా?" ఆయన విసుక్కుంటూ వేలు పెట్టి లాగాడు. కళ్ళజోడు సర్దుకుని పైకే చదివాడు.

"'ఈ పెట్టె తగిలించిన వాళ్ళకి బుద్ధి లేదు. మంచం దగ్గర్నుంచి అరవై అడుగులు రావాలి. వచ్చాక నిలబడి చెయ్యెత్తితే గాని అందదు. వెంటనే కిందికి దించవలెను.'"

మొదట ఆయనకు కోపం వచ్చింది. చీటీని వెలుగులోకి తిప్పి మళ్ళీ చూశాడు.

ఆ ఎర్రసిరా అక్షరాలు మామగారివి.