ప్లాస్టిక్ బోల్టు

"మెటల్ డిటెక్టర్‌కి ప్లాస్టిక్ బోల్టేమిటండీ?"

"ఇనుపదైతే దాన్ని చూసుకునే కూస్తుందే," అన్నాడు భర్త, పెరటి గడ్డిలో పాకుతూ. డిటెక్టర్ కర్ర చివరున్న పళ్ళెంలాంటి పెద్ద కాయిల్ విప్పి చిన్నది బిగిస్తుంటే బోల్టు జారిపోయింది. "అది లేకపోతే కాయిల్ నిలబడదు. నిలబడినా దీంతో బోల్టు దొరకదు."

వదిన దగ్గర భార్య అడిగి తెచ్చుకున్న బంగారు కమ్మల్లో ఒకటి పొద్దున ఆ గడ్డిలోనే పడిపోయింది. ఆమె కూడా మోకాళ్ళ మీద కూర్చుని తడమసాగింది.

"దొరికిందండీ!"

"బోల్టా?"

"కమ్మ."

అతని ముఖం చిన్నబోయింది. "అక్కడే పడెయ్యవే. దాన్ని మెషినే కనిపెట్టాలి. లేకపోతే ఇదెందుకు, నేనెందుకు?"

ఆమె మట్టికొట్టుకుపోయిన అతని మోకాళ్ళ వంక చూసింది. కమ్మని మెల్లగా గడ్డిలోకి జారవిడిచింది.

గేటు చప్పుడైంది. "ఏం పారేసుకున్నారు?" అంటూ వచ్చింది వదిన.

"బోల్టు," అన్నారిద్దరూ.